కౌన్సిల్ తలుపులు ఎప్పుడు మూయొచ్చు?

సిటీ కౌన్సిల్ జనాన్ని బయటకు పంపి మాట్లాడుకోవచ్చా? కాలిఫోర్నియా వరకు దీనికి జవాబు 1953 నాటి బ్రౌన్ చట్టంలో ఉంది. సమావేశాలు బహిరంగంగానే జరగాలి. చట్టం విడిగా చెప్పిన సందర్భాల్లోనే తలుపులు మూయొచ్చు. కోర్టు కేసులపై లాయర్‌తో సంప్రదింపులు, ఉద్యోగి నియామకం, తొలగింపు, యూనియన్‌తో జీతాల బేరం అలాంటివి.

నా దృష్టిలో బాగా కనిపెట్టి ఉండాల్సింది స్థలం కొనుగోళ్లను. ఏ స్థలం, ఎవరితో బేరం అన్నది ముందే బహిరంగంగా చెప్పాలి. లోపల ధర, చెల్లింపు షరతులే మాట్లాడాలి. అక్కడ పార్కు కట్టాలా వద్దా అన్నది జనం ఎదుటే తేల్చాలి. గొడవ అవుతుందని తలుపులు మూయడం కుదరదు. అనుమానముంటే అజెండా చూడండి: మామూలు సమావేశానికి 72 గంటల ముందే దాన్ని అందరికీ కనిపించేలా అతికించాలి.