చీటీ పాడి కొత్త ల్యాప్‌టాప్ కొనొద్దు, ముందు మెమరీ లెక్క చూడండి

ప్రశ్న: ఖమ్మంలో ఇంటి నుంచే ఎనిమిది షాపులకు అకౌంట్స్ రాస్తాను, జీఎస్టీ రిటర్నులు వేస్తాను. నెలకు 32,000 దాకా వస్తుంది. 2021లో కొన్న ల్యాప్‌టాప్ (ఐ3 11వ తరం, 8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ) టాలీ, ఎక్సెల్, బ్రౌజర్ కలిపి తెరిస్తే మొరాయిస్తోంది. 8 జీబీ ర్యామ్ స్టిక్‌కు 5,800, 16 జీబీకి 11,000 అని షాపులో చెప్పారు. పాతదాని మీద డబ్బు పెట్టడం ఎందుకు, 54,000లో కొత్తది తీసుకోండి, నో కాస్ట్ ఈఎంఐ, నెలకు 4,500 చొప్పున ఏడాది కడితే చాలు, టాక్స్‌లోనూ చూపించుకోవచ్చు అంటున్నారు. అమ్మాయి ఇంటర్ ఫీజు కోసం నెలకు 5,000 చొప్పున లక్ష రూపాయల చీటీ కడుతున్నాను. అది పాడి కొనేయమంటారా? అత్యవసరానికని దాచిన 40,000 చేతిలో ఉన్నాయి.

జవాబు: చీటీ జోలికి మాత్రం వెళ్లకండి. ఇప్పుడు పాడితే వేలంలో ఎంత తగ్గించి పాడారో అంత అమ్మాయి ఫీజులోంచి పోయినట్టే. పైగా చీటీ డబ్బు అయిపోయాక కూడా నెలకు 5,000 కడుతూనే ఉండాలి. ఐదేళ్లు కూడా గట్టిగా రాని వస్తువు కోసం ఫీజు డబ్బు తీయొద్దని గట్టిగా చెప్తున్నాను.

ఈఎంఐ సంగతి. వడ్డీ లేని అప్పంటూ ఉండదని ఆర్‌బీఐ 2013లోనే బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. నో కాస్ట్ ఈఎంఐలో వడ్డీ ఉంటుంది, ఆ మేరకు ధరలో డిస్కౌంట్ చూపిస్తారు. మీ 54,000లో వడ్డీ భాగం 4,400 అనుకుందాం. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే దాదాపు 800, మీ నుంచే వసూలవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. రొక్కం ఇచ్చి బేరమాడితే తగ్గేది కూడా పోతుంది. ఇవి చిన్న మొత్తాలే. నాకు అసలు టెన్షన్ మీ నెలవారీ లెక్క గురించి. చీటీకి 5,000, ఈఎంఐకి 4,500 పోతే 9,500. ఒక షాపు వాళ్లు డబ్బు ఒక నెల ఆలస్యంగా ఇచ్చారంటే ఆ నెల ఇల్లు ఎలా గడుస్తుంది?

టాక్స్ మాట పట్టించుకోకండి. మీ ఆదాయం ఏడాదికి 3,84,000. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉండగా మీకు కట్టాల్సిన పన్నే లేదు, ఇక ఆదా అయ్యేదేముంది? జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకోకపోతే ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని సర్దుకునే వీలు కూడా రాదు. ఇది నాకంటే మీకే బాగా తెలుసు.

ఇక మెమరీ, అంటే ర్యామ్ సంగతి. షాపుకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. పని ఒత్తిడి ఎక్కువుండే రోజున, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్నుల గడువు (జీఎస్టీఆర్-1కి 11వ తేదీ, 3బీకి 20వ తేదీ) దగ్గర పడ్డప్పుడు, రోజూ తెరిచేవన్నీ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పర్ఫార్మెన్స్‌లో మెమరీ మీద నొక్కితే ‘ఇన్ యూజ్’, ‘కమిటెడ్’ అని అంకెలు కనిపిస్తాయి. ఇన్ యూజ్ 7 జీబీ దాటి, కమిటెడ్‌లో మొదటి అంకె 10, 11 దగ్గర ఉంటే 8 జీబీ మీ పనికి చాలడం లేదన్నమాట. చోటు లేక విండోస్ కొంత డేటాను ర్యామ్ కంటే నెమ్మదైన ఎస్ఎస్‌డీ మీదికి పంపి మళ్లీ తెచ్చుకుంటోంది. మీరు టాలీ నుంచి ఎక్సెల్‌కు మారినప్పుడల్లా ఆగిపోతున్నది అందుకే. అంకెలు 5, 6 దగ్గరే ఉంటే మాత్రం ర్యామ్ కొనకండి, తప్పు వేరే చోట ఉంది. ఆన్ చేయగానే వాటంతట అవే తెరుచుకునే ప్రోగ్రాములను ముందు ఆపి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు.

అదే పేజీలో కింద ‘స్లాట్స్ యూజ్డ్’, ‘ఫామ్ ఫ్యాక్టర్’ అని ఉంటాయి. రెండింటిలో ఒకటే వాడుతున్నట్టు ఉండి, ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర సోడిమ్ (విడిగా తీసి పెట్టగల ల్యాప్‌టాప్ స్టిక్) అని ఉంటే ఖాళీ స్లాట్‌లో ఇంకో 8 జీబీ పెడితే సరిపోతుంది. రెండు స్లాట్లలో రెండు 4 జీబీ స్టిక్‌లు ఉంటే ఒకటి తీసి 8 పెట్టించండి, 12 అవుతుంది. ‘రో ఆఫ్ చిప్స్’ అని ఉంటే మెమరీని బోర్డుకే అతికించారన్నమాట. అప్పుడు ఖాళీ స్లాట్ విడిగా ఉందో లేదో మోడల్ నంబరుతో కంపెనీ సైట్‌లో చూసుకోవాలి. కొన్ని పల్చటి మోడళ్లలో అసలు ఉండదు.

11,000 పెట్టి 16 జీబీ స్టిక్ ఎందుకు వద్దంటున్నానంటే, టాలీకి, ఎక్సెల్‌కు, బ్రౌజర్‌కు మొత్తం 16 చాలు. మీరు వీడియో ఎడిటింగ్ చేయడం లేదు. ‘ముందు ముందు పనికొస్తుంది’ అనే మాట ఈ ధరల్లో చాలా ఖరీదైనది. కొన్నేళ్ల కిందట ఇదే 8 జీబీ స్టిక్ ఇందులో సగానికే దొరికేది. ఏఐ డేటా సెంటర్ల కోసం శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ వాటికి కావాల్సిన రకం మెమరీ వైపు మళ్లడంతో మామూలు ర్యామ్‌కు కొరత వచ్చింది. 2025 డిసెంబరులో మైక్రాన్ తన క్రుషియల్ బ్రాండ్ చిల్లర వ్యాపారాన్నే వదిలేస్తున్నట్టు ప్రకటించింది. ధర తగ్గేదాకా ఆగుదామంటే, మీకు ఒక్కో షాపు నుంచి సగటున 4,000 వస్తోంది. ల్యాప్‌టాప్ మొరాయించకపోతే మిగిలే సమయంతో ఒక్క షాపు పని అదనంగా ఒప్పుకున్నా రెండు నెలల్లో 5,800 వెనక్కి వచ్చేస్తుంది. పరీక్షలో అవసరం తేలితే ఆగకండి.

11వ తరం ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోతుంది కాబట్టే ఈ ల్యాప్‌టాప్ మీద డబ్బు పెట్టమంటున్నాను. విండోస్ 10కి సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీది ఇంకా దాని మీదే ఉంటే ముందు డేటా బ్యాకప్ తీసుకుని మార్చుకోండి. క్లయింట్ల లెక్కలున్న మెషీన్ అది.

5,800 అత్యవసర నిధి నుంచి తీయండి, రెండు నెలల్లో మళ్లీ నింపేయండి. తర్వాత నెలకు 2,000 చొప్పున బ్యాంకులో రెండేళ్ల ఆర్‌డీ మొదలుపెట్టండి. అసలే 48,000 అవుతుంది, వడ్డీ కలిస్తే అప్పటికి రొక్కంతో కొత్తది కొనే స్థితిలో ఉంటారు.

ర్యామ్ కొనేటప్పుడు డీడీఆర్4 రకం, ల్యాప్‌టాప్ సైజు అని స్పష్టంగా అడగండి. డీడీఆర్5 స్టిక్ ఆ స్లాట్‌లో పట్టదు, గాడి చోటే వేరు. 3200 స్పీడు చాలు, అంతకు మించిన దానికి ఎక్కువ పెట్టొద్దు. వాడిన స్టిక్ సగం ధరకు దొరికితే అదీ తప్పు కాదు, సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో అలాంటివి అమ్ముతారు. ఏది కొన్నా షాపులోనే బిగించి, ఆన్ చేయించి, టాస్క్ మేనేజర్‌లో 16 జీబీ (4 తీసి 8 పెట్టిస్తే 12) కనిపించాకే డబ్బు ఇవ్వండి. సీరియల్ నంబరు రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి, వారంటీకి అదే ఆధారం. పాత స్టిక్ ఏదైనా తీస్తే దాన్ని అక్కడే వదిలేయకండి. ఈ ధరల్లో దానికీ డబ్బు వస్తుంది, బిల్లులో తగ్గించమనండి.