పాఠకుల ప్రశ్నలు – జవాబులు: యుద్ధ స్మారకాలు

ప్రశ్న: మా మామగారు సైన్యంలో సుబేదారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. వారిది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. వచ్చే నెలలో మా ఇంటికి వస్తున్నారు. బెంగళూరులోని సైనిక స్మారకాన్ని పిల్లలతో కలిసి చూడాలన్నది ఆయన కోరిక. ఎలా చూస్తే బాగుంటుంది? జేసీ నగర్‌లోని మైసూరు లాన్సర్ల (ఈటెలు పట్టిన గుర్రపు దళం) స్మారకానికి కూడా వెళ్దామంటే, బ్రిటిష్‌వారి కోసం పోరాడినవాళ్లకు మనం దండం పెట్టడమెందుకని మావారు అంటున్నారు. మీ అభిప్రాయం చెప్పగలరు.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: 'మిలిటరీ మాధవరం' అని పేరు తెచ్చుకున్న ఊరి మనిషికి స్మారకాన్ని ఎలా చూడాలో మనం చెప్పనక్కర్లేదు. పిల్లల్ని ఆయనకు అప్పగించి, మీరిద్దరూ వెనక నడవండి.

నెహ్రూ ప్లానెటేరియం ఎదురుగా, ఇందిరాగాంధీ మ్యూజికల్ ఫౌంటెన్ పార్కును ఆనుకొని జాతీయ సైనిక స్మారకం ఉంది. వచ్చినవాళ్లలో చాలామంది ఎత్తైన జెండా స్తంభం దగ్గరా, 75 అడుగుల ఏకశిలా వీరగల్లు (వీరుల స్మారక శిల) దగ్గరా ఫోటోలు దిగి వెళ్లిపోతుంటారు. మీరు మాత్రం మొదట గ్రానైటు పలకల దగ్గరికి వెళ్లండి. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత దేశం కోసం ప్రాణాలిచ్చిన 22,000 మందికి పైగా సైనికుల పేర్లు వాటి మీద చెక్కి ఉన్నాయి. ఆ పేర్లే అసలు స్మారకమని నా నమ్మకం. పిల్లలచేత ఒక వరుస నెమ్మదిగా, పైకి చదివించండి. బయలుదేరే ముందు వారికి ఒక్క సైనికుడి కథైనా చెప్పి తీసుకెళితే మరీ మంచిది. 1999 జూన్ 28న కార్గిల్ యుద్ధంలో, ద్రాస్ ప్రాంతంలో అమరుడై, మరణానంతరం మహావీర చక్ర పొందిన హైదరాబాదు వాసి మేజర్ పద్మపాణి ఆచార్య కథ చెప్పవచ్చు.

వీరగల్లు మనకు కొత్తది కాదన్న సంగతి కూడా పిల్లలకు తెలియాలి. పోరులో పడిపోయినవారి పేరున రాయి నిలిపే ఆచారం కన్నడ, తెలుగు నేలల మీద వెయ్యేళ్లకు పైబడినది. పల్నాటి వీరులను కారెంపూడిలో ఇప్పటికీ కొలుస్తున్నాం. బెంగళూరు అన్న పేరు కనిపించే తొలి శాసనం కూడా, బేగూరులో దొరికిన సుమారు 9వ శతాబ్దపు వీరగల్లు మీదిదే. ఈ ఊరి పేరు చరిత్రకెక్కిందే ఒక యుద్ధంలో చనిపోయిన మనిషిని తలుచుకుంటూ.

ఇక మీవారి ప్రశ్న. అది అడగవలసిన ప్రశ్నే, తోసిపుచ్చదగినది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో 13 లక్షల మందికి పైగా భారతీయులు పనిచేశారు, 74,000 మందికి పైగా చనిపోయారు. ఆ యుద్ధం మనం కోరి తెచ్చుకున్నది కాదు, అందులో గెలిచిన రాజ్యమూ మనది కాదు. అయితే మైసూరు లాన్సర్లు మైసూరు మహారాజు సంస్థానపు అశ్వికులు. 1918 సెప్టెంబరు 23న నేటి ఇజ్రాయెల్‌లోని హైఫా పట్టణం మీద జోధ్‌పూర్ లాన్సర్లతో కలిసి, మరఫిరంగులకు ఎదురుగా గుర్రాల మీద ఈటెలతో, కత్తులతో దూసుకెళ్లినవారు. కార్మెల్ కొండ మీది ఫిరంగులను పట్టుకునే పని వీరి దళానిదే. ఆనాటి బ్రిగేడులో హైదరాబాదు లాన్సర్లు కూడా ఉన్నారు. ఢిల్లీలో తీన్ మూర్తి భవనం ఎదుట నిలబడిన మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవే. స్వాతంత్ర్యం తరువాత సంస్థానాల అశ్వికదళాలను కలిపి ఏర్పరచిన భారత సైన్యపు 61వ కావల్రీ (అశ్వికదళం) నేటికీ హైఫా దినాన్ని జరుపుకుంటుంది. మన సైన్యమే వారిని తనవారిగా లెక్కపెట్టుకుంటున్నప్పుడు, మనం పరాయివాళ్లుగా చూడటం న్యాయమనిపించదు. ఏ రాజు కోసం పోరాడారన్నది చరిత్రకారులు తేల్చవలసిన లెక్క. ఇంటికి తిరిగిరాని కొడుకు కోసం ఏడ్చిన తల్లికి ఆ లెక్కతో పనిలేదు. మాధవరం నుంచి కూడా రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులు వెళ్లారు. మీవారు ఈ మాట తమ తండ్రిగారినే అడిగితే, నాకంటే మంచి జవాబు దొరుకుతుంది.

ఒక్క మనవి. పూలు పెట్టాలనుకుంటే విడిపూలు పెట్టండి, ప్లాస్టిక్ కవరు వెంట తెచ్చేయండి. భక్తితోనే అయినా పసుపు, కుంకుమ, నూనె దీపం వద్దు. చెక్కిన అక్షరాల గాట్లలో కుంకుమ, జిడ్డు పేరుకున్నాయంటే కొన్నాళ్లకు పేరు చదవడానికి వీలుండదు.

ప్రశ్న: మా తాతగారి అన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో చనిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన పేరు ఎక్కడైనా ఉంటుందా?
– ఒక పాఠకుడు, హోసూరు రోడ్డు, బెంగళూరు

జవాబు: ఉండే అవకాశం చాలా ఉంది. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ వెబ్‌సైటులో పేరు పెట్టి వెతకవచ్చు, రుసుము లేదు. బర్మా పోరులో చనిపోయి సమాధి తెలియనివారి పేర్లు, దాదాపు 27,000, రంగూన్ సమీపంలోని తౌక్యాన్ శ్మశానవాటికలో, రంగూన్ స్మారక స్తంభాల మీద ఉన్నాయి. దహన సంస్కారం జరిగినవారికి అక్కడే వేరుగా మరో స్మారకం ఉంది.

చిక్కంతా ఇంగ్లీషు అక్షరక్రమంతోనే. ఆ రోజుల్లో గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నారు కాబట్టి 'వెంకటస్వామి' అన్న ఒక్క పేరునే నాలుగైదు రకాలుగా రాసి వెతకండి. ఇంటిపేరు వదిలి ఒకసారి, కలిపి ఒకసారి ప్రయత్నించండి. చాలా నమోదుల్లో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటాయి. విశాఖపట్నాన్ని అప్పట్లో 'విజగపటాం' అని రాసేవారు, కాబట్టి జిల్లా పేరును పాత రూపంలో చూడండి. దళం తెలిస్తే పని సగం తగ్గుతుంది. మద్రాస్ రెజిమెంటా, మద్రాస్ సాపర్లా (ఇంజినీరు దళం), పయనీర్ కోరా (శ్రామిక దళం) అన్నది ఇంట్లో ఉన్న పాత ఉత్తరాల మీదా, పింఛను కాగితాల మీదా, పతకం అంచు మీదా కనిపించవచ్చు. ట్రంకుపెట్టె అడుగున ఉన్న కాగితాలు పారేయకముందే పెద్దవారిని దగ్గర కూర్చోబెట్టుకొని చూపించండి.