కెర్నల్ చదివితే కొలువు వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. ఏఐ కోర్సులో చేరరా అంటే వినడు. లైనక్స్ కెర్నల్‌లో మెమరీ పేజీల కేటాయింపు, మైగ్రేషన్ అంటూ రాత్రిళ్లు కూర్చుంటున్నాడు. లక్షన్నర కట్టి కోర్సులో చేర్పించమంటారా? – ఒక తండ్రి, వరంగల్

జవాబు: మీరు అడిగింది కోర్సు గురించి. మీ భయం మాత్రం మావాడు వెనకబడిపోతాడేమోనని. ఎవరూ చెప్పకుండానే కూర్చుని చదివే పిల్లవాడి గురించి ఆ దిగులు వద్దు.

ఆ లక్షన్నర కట్టకండి. మూడు నెలల ఏఐ కోర్సుల మీద నాకు నమ్మకం తక్కువ. లెక్కలు గట్టిగా నేర్పేదైతే వేరే మాట. చాలా చోట్ల రెడీమేడ్ మోడల్‌ను పిలిచే కోడ్ రాయించి, అందరి రెజ్యూమేలోనూ ఒకే చాట్‌బాట్ ప్రాజెక్టు పెట్టిస్తున్నారు. మోడల్‌కు మెమరీ ఎందుకు చాల్లేదని ఇంటర్వ్యూలో అడిగితే నోరు పెగలదు. అసలు ఏఐకీ మీవాడి చదువుకీ వైరమే లేదు. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ. అది మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా పంచుతుంది; వాటిని ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరపడమే మైగ్రేషన్. ర్యామ్‌కీ, ఏఐ లెక్కలు చేసే జీపీయూ చిప్ మెమరీకీ మధ్య పేజీలను తరలించడానికి కొన్ని డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రాములు) వాడుకునేది ఈ మైగ్రేషన్‌నే.

అయితే చదవడం ఒక్కటే చాలదు, చేసి చూడాలి. క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో 2 జీబీ వర్చువల్ మెషీన్ (కంప్యూటర్‌లో ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్) పెట్టుకుని, చిన్న పేజీలకు బదులు పెద్దవి ఇచ్చే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజీలను ఆపేయమనండి. సి ప్రోగ్రామ్‌తో 512 ఎంబీ తీసుకుని, ప్రతి 4 కేబీ పేజీలోనూ ఏదో ఒకటి రాసి, పేజీ విడిచి పేజీని ఎంఅడ్వైజ్ అనే కాల్‌తో కెర్నల్‌కు వదిలేయాలి. ప్రోగ్రామ్ నడుస్తుండగానే, ఖాళీ ముక్కల లెక్క చూపే బడ్డీఇన్ఫో ఫైలు తెరిస్తే ఒక్కో జోన్‌కు (మెమరీలో ఒక భాగం) 11 అంకెలుంటాయి. ఎడమ చివరిది 4 కేబీ ముక్కల లెక్క, కుడి చివరిది 4 ఎంబీ ముక్కలది. ఎడమ అంకె దాదాపు 65 వేలు పెరుగుతుంది. ఖాళీ ఉంది కానీ ఒక్కచోట లేదన్నమాట. ఇప్పుడు రూట్‌గా (అడ్మిన్ హక్కులతో) కాంపాక్ట్ మెమరీ ఫైలులో 1 రాస్తే పేజీలు జరిగి, ఎడమ అంకె తగ్గి కుడివైపువి పెరుగుతాయి. ఖాళీని ఇలా ఒక్కచోటికి చేర్చడమే కాంపాక్షన్.

తడబడేది ఆ తర్వాతే. ఎంలాక్ అనే కాల్‌తో తాళం వేస్తే పేజీ కదలదని చాలామంది అనుకుంటారు. అది స్వాప్‌లోకి, అంటే డిస్క్ మీదికి, పోకుండా ఆపుతుందంతే, మామూలు సెట్టింగుల్లో కాంపాక్షన్ దాన్నీ జరుపుతుంది. కదలనిది పిన్ చేసిన పేజీ, అంటే ఉన్నచోటే ఉండాలని కెర్నల్ పట్టి ఉంచినది. ఐఓ యూరింగ్ అనే ఇన్‌పుట్-అవుట్‌పుట్ సదుపాయంలో బఫర్ రిజిస్టర్ చేస్తే దాని పేజీలు పిన్ అవుతాయి; అలా చేసి మళ్లీ ప్రయత్నించమనండి. పిన్ వల్ల రిఫరెన్స్ లెక్క (ఆ పేజీని ఎంతమంది పట్టుకున్నారన్నది) ఎక్కువగా ఉంటుంది కాబట్టి కెర్నల్ ఆ పేజీని జరపకుండా వదిలేస్తుంది. ఈ తేడాను సొంతంగా రాబట్టిన అంకెలతో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో అదే అతని బలం.

ఉద్యోగాల మాటకొస్తే, ఫ్రెషర్లకు ఈ పోస్టులు తక్కువే, దాచను. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, మైక్రాన్ లాంటి చిప్ కంపెనీలున్నాయి. ఇలాంటి చోట్ల డ్రైవర్, ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఇంటర్న్‌షిప్‌లకు ఇప్పటినుంచే ప్రయత్నించాలి. క్యాంపస్ పరీక్షల కోసం డేటా స్ట్రక్చర్స్ సాధన మానకూడదు.

ఇక మీతో ఒక మాట. పక్కింటి అబ్బాయి ప్యాకేజీ విని ఇంటికొచ్చి వీడిమీద విసుక్కోవడం ఆపండి సార్. ఈ రాత్రికి అతని పక్కన కూర్చుని ఆ 11 అంకెలూ చూపించమని అడగండి.