షుగర్ ఉందని టర్మ్ పాలసీ వాయిదా వేశారు... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: నాకు 42 ఏళ్లు. కరీంనగర్‌లో ఎలక్ట్రికల్ షాపు ఉంది, నెలకు 60 వేల దాకా వస్తుంది. ఆరేళ్లుగా షుగర్‌కు, రెండేళ్లుగా బీపీకి మందులు వాడుతున్నాను. నా భార్య ఇంట్లోనే టైలరింగ్ చేస్తుంది. పాప ఎనిమిదో తరగతి, బాబు ఐదో తరగతి. ఇంటి లోను ఇంకా 14 లక్షలు కట్టాలి. ఈ మధ్య కోటి రూపాయల టర్మ్ పాలసీకి (గడువులోగా మరణిస్తేనే ఇంటివాళ్లకు డబ్బు వచ్చే బీమా) అప్లై చేస్తే, హెచ్‌బీఏ1సీ (షుగర్ సగటు చెప్పే రక్త పరీక్ష) 9.2 వచ్చిందని ఆరు నెలలు ఆగమన్నారు. తెలిసిన ఏజెంటేమో షుగర్ సంగతి రాయకుండా వేరే కంపెనీలో చేయిద్దామంటున్నాడు. లేదంటే ఏడాదికి 60 వేలు కట్టే ఎండోమెంట్ పాలసీ (బీమా, పొదుపు కలిసినది) తీసుకోమంటున్నాడు. ఏది మంచిది?

జవాబు: ఆ రెండూ వద్దండీ. మిమ్మల్ని ఆగమన్నారే గానీ పాలసీ ఇవ్వం అనలేదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకు టర్మ్ పాలసీలు వస్తున్నాయి. ప్రీమియం కొంత ఎక్కువ పడుతుంది, అంతే.

ముందు ఏజెంటు మాట సంగతి చూద్దాం, నాకు భయం వేసింది అక్కడే. ఇప్పుడు ప్రపోజల్ ఫారం చాలాసార్లు ఏజెంటు ఫోన్లోనో ట్యాబ్‌లోనో నింపేస్తున్నారు. మధుమేహం ఉందా, రక్తపోటు ఉందా, రోజూ ఏవైనా మందులు వాడుతున్నారా, గతంలో ఏ కంపెనీ అయినా మీ అప్లికేషన్‌ను తిరస్కరించిందా లేక వాయిదా వేసిందా అని వరుసగా ప్రశ్నలుంటాయి. అన్నిటికీ ‘లేదు’ అని నొక్కేసి, ‘ఓటీపీ వచ్చింది, చెప్పండన్నా’ అంటారు. మీరు ఓటీపీ చెప్పారంటే ఆ జవాబులన్నిటి కిందా సంతకం పెట్టినట్టే. రేపు క్లెయిమ్ దగ్గర తేడా వస్తే ఆ ఏజెంటు ఉండడు. ఆరేళ్ల మందుల చీటీలు, ల్యాబ్ రిపోర్టులు ముందు పెట్టి కంపెనీవాళ్లు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీ ఆవిడే.

‘మూడేళ్లు దాటితే ఎవరూ ఏమీ అనలేరు’ అని కూడా ఆయన చెప్పే ఉంటాడు. అందులో సగం నిజం ఉంది. బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు నిండిన పాలసీని కంపెనీ ప్రశ్నించలేదు. కానీ ఆ మూడేళ్లలోపే ఏదైనా జరిగితే? మధ్యలో ప్రీమియం ఆగి పాలసీని పునరుద్ధరించుకుంటే ఆ మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఇల్లు గడవడానికి కొనే పాలసీని అంత రిస్కు మీద నిలబెట్టకండి. ఉన్నదంతా రాయండి, మొన్నటి వాయిదాతో సహా. ఓటీపీ చెప్పేముందు నింపిన ఫారం పీడీఎఫ్ తెప్పించుకుని ప్రతి జవాబూ మీరే చదవండి.

ఇక ఎండోమెంట్. 60 వేలు కడితే మీ వయసులో వచ్చే కవరేజీ పది, పన్నెండు లక్షలకు అటూ ఇటూగా ఉంటుంది. దాంతో మీ ఇంటి లోను కూడా పూర్తిగా తీరదు.

మీకు ఎంత కావాలో లెక్క వేద్దాం. లోనుకు 14 లక్షలు. మీరు లేకపోయినా ఇంటికి నెలకు 25 వేలు రావాలనుకుంటే ఏడాదికి 3 లక్షలు. 60 లక్షలు డిపాజిట్ చేస్తే 6 శాతం చొప్పున 3.6 లక్షల వడ్డీ వస్తుంది. ధరలు పెరుగుతాయి కాబట్టి ఇది కనీసపు లెక్కే. అంటే 75 లక్షలకు తగ్గకూడదు, పిల్లల చదువులు కలిపితే కోటి సరైన అంకె. 60 ఏళ్ల వరకు తీసుకుంటే చాలు. అప్పటికి మీ బాబుకు 28 ఏళ్లు వస్తాయి. 85 ఏళ్ల దాకా కవరేజీ అంటే ప్రీమియం ఊరికే పెరిగిపోతుంది.

ఈ ఆరు నెలలూ డాక్టరు చెప్పినట్టు షుగర్‌ను అదుపులోకి తెచ్చుకోండి. హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటు చెబుతుంది కాబట్టి టెస్టుకు వారం ముందు అన్నం మానేస్తే అంకె మారదు. ఒక్కో కంపెనీ లెక్క ఒక్కోలా ఉన్నా, 7 దరిదాపులకు వస్తే మీ పని చాలా తేలికవుతుంది. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), మూత్రంలో ప్రోటీన్, ఈసీజీ కూడా చూస్తారు. సిగరెట్, గుట్కా, ఖైనీ ఏది అలవాటున్నా దాచకండి, మూత్ర పరీక్షలో నికోటిన్ ఆనవాళ్లు తెలిసిపోతాయి.

షాపు ఉన్నవాళ్లు ఇంకో చోట ఇరుక్కుంటారు. కంపెనీలు ఆదాయాన్ని ఐటీ రిటర్నుల్లో చూస్తాయి. నెలకు 60 వేలు వస్తున్నా రిటర్నులో ఏడాదికి మూడు లక్షలే చూపిస్తే కోటి కవరేజీ దొరకడం కష్టం. రిటర్నులు సరిగ్గా వేయండి.

మళ్లీ అప్లై చేసినప్పుడు మామూలు ప్రీమియం మీద అదనంగా వేస్తారు. దాన్నే లోడింగ్ అంటారు. ఉదాహరణకు మామూలుగా 20 వేలు అయ్యేచోట 50 శాతం లోడింగ్ పడితే 30 వేలు. ఆ అంకె చూసి వెనక్కి తగ్గకండి, మరీ భారమైతే కవరేజీ 75 లక్షలకు దించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమాపై జీఎస్టీ లేదు, అంతకుముందు టర్మ్ పాలసీకి 18 శాతం ఉండేది. ఆ మేరకు మీకు కలిసొస్తుంది. ఎక్కడా కుదరకపోతే సరళ్ జీవన్ బీమా అడగండి. 5 నుంచి 25 లక్షల వరకు ఉంటుంది. మొదటి 45 రోజులు ప్రమాద మరణానికే వర్తిస్తుంది.

అప్పటిదాకా ఖాళీగా ఉండొద్దు. రేపే మీ బ్యాంకుకు వెళ్లి ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరండి. ఏడాదికి 436 రూపాయలు, కవరేజీ 2 లక్షలు, మెడికల్ టెస్టు ఉండదు. సహజ మరణానికి మాత్రం చేరిన 30 రోజుల తర్వాతే వర్తిస్తుంది. 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే సురక్షా బీమా కూడా రాయించండి. రెండిట్లోనూ మీ ఆవిడనూ చేర్పించండి. అలాగే ఇంటి లోను కాగితాలు తీసి చూడండి. లోను ఇచ్చేటప్పుడే బీమా పేరుతో డబ్బు పట్టుకుని ఉండొచ్చు. అదుంటే 14 లక్షల బరువులో కొంతైనా దిగినట్టే.

టర్మ్ పాలసీకి అప్లై చేసేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద పాలసీ కావాలని అడగండి. దీన్ని ఎండబ్ల్యూపీ చట్టం అంటుంటారు. అలా తీసుకుంటే ఆ డబ్బు మీ భార్యాపిల్లలదే. షాపు సరుకు అప్పులవాళ్లు దాని మీదికి రాలేరు. ఇది అప్లికేషన్‌తో పాటే రాసివ్వాలి, పాలసీ చేతికొచ్చాక చేర్చడం కుదరదు.