అమ్మాయీ, అది కథ కాదు, క్యాలెండర్!

అమ్మాయీ,

నువ్వు పంపిన బొమ్మల పుస్తకం డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను. ఒకసారి కూర్చుని మనసులో, ఇంకోసారి వంటింట్లో నిలబడి పైకి. పిల్లల పుస్తకం సంగతి పైకి చదివితేనే తేలుతుంది. నీ తెలుగు బాగుంది, ఎక్కడా తడుముకోలేదు. శాన్ ఆంటోనియోలో మీ పక్కింటి మెక్సికన్ కుటుంబమంటే నీకెంత ఇష్టమో ప్రతి పేజీలోనూ తెలుస్తోంది.

మరి ఈ ఉత్తరం ఎందుకంటావా? 32 పేజీల్లో చనిపోయినవాళ్ల పండుగ పెట్టావు, క్రిస్మస్ ముందు తొమ్మిది రాత్రుల పొసాదాస్ పెట్టావు, జనవరి 6న వచ్చే ముగ్గురు రాజుల పండుగ పెట్టావు, మే 5న వచ్చే సింకో దె మాయో పెట్టావు. చాలదన్నట్టు చివర్లో పక్కింటి అక్క పదిహేనో పుట్టినరోజు కూడా! టైటిల్ పేజీ, లోపలి వివరాలు పోగా నీకు మిగిలేవి పద్నాలుగు జోడు పేజీలు. ఒక్కో బొమ్మ పక్కన తెలుగు పేరా ఒకటి, ఇంగ్లిష్ పేరా ఒకటి పట్టాలి. అందులో ఐదు వేడుకలంటే, నీ కథలో పిల్ల ఆ ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పేలోపే పండుగ అయిపోతోంది. (వాళ్లింట్లో చెప్పులు విప్పనక్కర్లేదు. మన పిల్ల మాత్రం విప్పుతుంది. ఆ ఒక్క బొమ్మ ఉంచు, బాగుంది.)

ఒక్కటి తీసుకో. నన్నడిగితే పండుగ కూడా వద్దు, పండుగ ముందురోజు తీసుకో.

మా ఎదురింటి మెక్సికన్ పెద్దావిడ ఏటా క్రిస్మస్ ముందు తమాలెస్, అంటే మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించే వంటకం, చేయిస్తుంది. 'చేస్తుంది' అనలేదు చూడు. అది ఒక్క మనిషి పని కాదు. నలుగురూ చేరి చేసే ఆ పనికి తమలాదా అని పేరే ఉంది. ఎండు మొక్కజొన్న పొత్తుల మీది ఆకుల్ని వేడినీళ్లలో నానబెడతారు. మొక్కజొన్న పిండిలో పంది కొవ్వు, మాంసం ఉడికించిన నీళ్లు పోసి చేతులు పడిపోయేదాకా గిలక్కొడతారు. పిండి కుదిరిందో లేదో తెలియాలంటే చిటికెడు తీసి గ్లాసుడు నీళ్లలో వేస్తారు. తేలితే అయినట్టు, మునిగితే ఇంకా కొట్టాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఆ గ్లాసు వాళ్ల చిన్న మనవడి ముందుంది. వాడికి ఐదేళ్లు. చుట్టూ పదిమంది పెద్దవాళ్లు చేతులకి పిండితో వాడి మొహం వంక చూస్తున్నారు. వాడు గ్లాసుకి ముక్కు ఆనించి చూసి, "మునిగింది" అన్నాడు. అందరూ ఉసూరుమన్నారు. మళ్లీ కొట్టారు. మళ్లీ మునిగింది. మూడోసారి తేలితే వాడు కుర్చీ ఎక్కి అరిచిన అరుపు వీధి చివరికి వినపడి ఉంటుంది.

అదీ బొమ్మల పుస్తకమంటే. నీ డ్రాఫ్ట్‌లో పిల్లకి పనే లేదు. ఐదు చోట్లా నిలబడి చూస్తుంది, "ఇదేంటి?" అంటుంది, పెద్దవాళ్లు చెబుతారు. గైడు వెంట తిరిగే టూరిస్టులా ఉంది పాపం. దాని చేతికి నానిన ఆకు ఇవ్వు. ఆకుకి ఒకవైపు నున్నగా ఉంటుంది, ఇంకోవైపు గరుకు. పిండి నున్నటి వైపు పరవాలి. పిల్ల గరుకు వైపు పరిచేస్తుంది, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూస్తుంది. ఇక ఆ రాత్రంతా పిల్లకి టెన్షనే, ఆ తప్పు తమాల్ ఎవరి ప్లేట్లోకి వస్తుందోనని. పాఠకుడికీ అదే టెన్షన్.

అన్నట్టు, ఒకటైతే తమాల్, ఎక్కువైతే తమాలెస్. నువ్వు 'టమాలీ' అని రాశావు. అది అమెరికా వాళ్ల ఇంగ్లిష్ మాట. స్పానిష్ వాళ్లు 'త' పలికేటప్పుడు మనలాగే నాలుక పళ్లకి ఆనిస్తారు. ఇంగ్లిష్ అక్షరాల్లో పట్టుకోలేని ఆ త, ద మన లిపిలో హాయిగా కూర్చుంటాయి. అంత మంచి లిపి చేతిలో పెట్టుకుని ట, డ లు రాయకు.

పదకొండో పేజీలో సింకో దె మాయోని మెక్సికో స్వాతంత్య్ర దినం అన్నావు. కాదు. 1862 మే 5న ప్యూబ్లా దగ్గర ఫ్రెంచి సైన్యాన్ని మెక్సికన్లు ఓడించిన రోజు అది. స్వాతంత్య్రానిది సెప్టెంబర్ 16, 1810లో దొలోరెస్‌లో ఇదాల్గో అనే పాదిరి ఇచ్చిన పిలుపుకి గుర్తు. ఇంతకీ మే 5 హడావుడి మెక్సికోలో కంటే అమెరికాలోనే ఎక్కువ. ఆ పేజీ తీసేస్తే నీకొచ్చే నష్టమేమీ లేదు. ప్యూబ్లాలో గెలిచిన సేనాపతి సరగోసా పుట్టింది మీ టెక్సస్‌లోనే, గోలియాడ్ దగ్గర. ఎప్పుడైనా తీరిక ఉంటే వెళ్లిరా, ఈ పుస్తకంలో మాత్రం దూర్చకు.

ఇక ఆరో పేజీ, చనిపోయినవాళ్ల పండుగ. "ఇది మన మహాలయ అమావాస్య లాంటిది" అన్న వాక్యం కొట్టేశాను, నీకు కోపం వచ్చినా సరే. అది రాయగానే మన పిల్లలకి తద్దినం గుర్తొస్తుంది, పిండాలు, కాకులు, నెమ్మదిగా మాట్లాడే ఇల్లు. ఆ ఇంట్లో జరిగేది అది కాదు. నవంబర్ 1న చనిపోయిన పిల్లలు, 2న పెద్దలు ఇంటికొస్తారని వాళ్ల నమ్మకం. ఓఫ్రెందా అనే బల్ల మీద వాళ్ల ఫొటోలు, తియ్యటి రొట్టె, ఉప్పు, గ్లాసుడు నీళ్లు, వాళ్లకి బతికుండగా ఇష్టమైనవి పెడతారు. పంచదార పుర్రెల మీద పేర్లు రాస్తారు. చుట్టం చాలా దూరం నుంచి వస్తున్న ఇల్లు అది. దాన్ని మన అమావాస్యతో ముడేస్తే చుట్టం రాకముందే తలుపు వేసేసినట్టవుతుంది.

పోలిక కావాలంటే పువ్వు ఉంది కదా. ఆ బల్ల మీద పరిచే సెంపాసూచిల్ మన బంతిపువ్వే. మెక్సికో మూలవాసుల నావాత్ల్ భాషలో ఆ పేరుకి 'ఇరవై పువ్వు' అని అర్థం, అన్ని రేకులని. దసరాకి మనం గుమ్మానికి కట్టే ముద్దబంతి పుట్టిల్లు మెక్సికోయే. నువ్వు ఇదేమీ చెప్పకు. పిల్ల ఆ బల్ల దగ్గరికెళ్లి పువ్వు నలిపి వేళ్లు వాసన చూసుకున్నట్టు రాయి. చదివించే అమ్మకి తన ఊరి గుమ్మం గుర్తొస్తుంది. పిల్లకి గుర్తు రాకపోయినా ఫరవాలేదు.

రెండు భాషల సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి. స్పానిష్, ఇంగ్లిష్ పుస్తకాలు వేసేవాళ్లు దీన్ని ఎన్నో ఏళ్లుగా నలగ్గొట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చిల్డ్రన్స్ బుక్ ప్రెస్ 1975లోనే మొదలైంది, ఎల్ పాసోలో సింకో పుంతోస్ 1985లో. హ్యూస్టన్‌లో ఆర్తె పుబ్లికో వాళ్లకి పిల్లల కోసం పిన్యాతా బుక్స్ ఉంది. మీ లైబ్రరీకి వెళ్లి ఓ ఇరవై పుస్తకాలు తెచ్చుకుని, కథలు తర్వాత, ముందు పేజీ తిప్పే చోట్లు చూడు. స్పానిష్, ఇంగ్లిష్ వాక్యాలు దాదాపు ఒకే వరసలో నడుస్తాయి కాబట్టి వాళ్లు వాక్యాన్ని సగంలో ఆపి మిగతాది వెనక పేజీలో పెట్టగలరు. మనకి క్రియ చివర్న వస్తుంది. రాజుల పండుగనాటి రోస్కా రొట్టెలో బుజ్జి బొమ్మ దాస్తారు కదా, ఎవరి ముక్కలో దొరికితే వాళ్లు ఫిబ్రవరి 2న అందరికీ తమాలెస్ పెట్టాలి. "బొమ్మ నా ముక్కలో కనిపించింది" అని తెలుగులో రాస్తే బొమ్మ ముందే బయటపడిపోయింది, ఇక పేజీ ఎవరు తిప్పుతారు? "నా ముక్క విరిచి చూస్తే..." దగ్గర ఆపు. వెనక పేజీలో బొమ్మ. ఇంగ్లిష్ కూడా అక్కడే ఆగేలా దాన్ని సర్దు. ఇంగ్లిష్ ముందు రాసి తెలుగుని దాని వెనక లాక్కురాకు.

అబ్వేలాని 'అమ్మమ్మ' అన్నావు. అమ్మ తల్లో నాన్న తల్లో కనుక్కున్నావా? స్పానిష్‌లో ఇద్దరికీ ఒకటే మాట, తెలుగు ఊరుకోదు. నా సలహా, అబ్వేలా అనే ఉంచెయ్, అర్థం చెప్పకు. ముడతల చేయి ఒకటి గీస్తే మూడేళ్ల పిల్లకి కూడా తెలుస్తుంది. బ్రాకెట్లన్నీ తీసేయ్. ఆ ఇంట్లో పిల్లలు పెద్దావిడని గౌరవంగా ఊస్తెద్ అంటారో చనువుగా తూ అంటారో కూడా విని రాయి. ఇంగ్లిష్‌లో రెండూ ఒకటే, మనకి మాత్రం మీరు, నువ్వు ఉన్నాయి.

అమ్మమ్మ అంటే నా మొదటి పుస్తకం గుర్తొచ్చింది. తెలుగు, ఇంగ్లిష్‌లో వేశాం. ప్రెస్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి తెలుగు ఒత్తులు తెలియవు. ఆఖరి ప్రూఫ్ స్క్రీన్ మీద చిన్నగా చూసి "ఓకే" అనేశాను. పార్సిల్ విప్పితే అట్ట మీదే 'అమ్‌మమ్‌మ' అని పెద్ద అక్షరాల్లో! అయిదువందల కాపీలు. కొన్నింటి మీద స్టిక్కర్లు అంటించాను, మిగతావి ఇప్పటికీ గ్యారేజ్‌లో ఉన్నాయి. ప్రూఫ్ కాగితం మీద ప్రింట్ తీసి, తెలుగు చదవడం వచ్చిన ఇంకో మనిషి చేత చదివించు. నీకు నువ్వు రాసిందే కనిపిస్తుంది, అచ్చయింది కాదు.

రెండో డ్రాఫ్ట్ ముందు నాకు పంపకు. ఇంగ్లిష్ సగం మీ పక్కింటావిడకి చదివి వినిపించు. "మా ఇంట్లో అలా చెయ్యం" అన్న చోటల్లా పెన్సిల్‌తో గీత పెట్టు. వాళ్లది మెక్సికోలోని వహాకా రాష్ట్రం అయితే ఆకు మొక్కజొన్నది కాకపోవచ్చు, అక్కడ అరిటాకుల్లో చుడతారు. 'మెక్సికన్లు ఇలా చేస్తారు' అన్న వాక్యం నీ డ్రాఫ్ట్‌లో తొమ్మిదిసార్లు ఉంది, లెక్కపెట్టాను. 'ఈ ఇంట్లో' అని మార్చు చాలు.

ఈసారి తమలాదాకి నిన్ను కూడా తీసుకురమ్మంది మా ఎదురింటావిడ. గోళ్లు కత్తిరించుకుని, పాత చొక్కా వేసుకుని రా. పిండి కొట్టే పని దొరుకుతుంది, ఆకులు తుడిచే పని దొరుకుతుంది. గ్లాసు దగ్గర కుర్చీ మాత్రం అడక్కు. ఆ పిల్లాడికి ఇప్పుడు తొమ్మిదేళ్లు, ఇంకా ఎవరినీ కూర్చోనివ్వడు.

ఆశీస్సులతో,
నీ ఆంటీ