నాన్న గురించి అయిదు నిమిషాల్లో ఏం చెప్పాలి?

ప్రశ్న: నాన్నగారు పోయి నెల దాటింది. వయసులో ఉండగా సైన్యంలో పనిచేశారు, యుద్ధం చూశారు. తిరిగొచ్చాక సొంత వ్యాపారం పెట్టారు. మొదటిది దెబ్బతిని అప్పులపాలయ్యారు. రెండోదాన్ని నిలబెట్టి ఆ అప్పులన్నీ తీర్చారు. వచ్చే వారం సంస్మరణ సభ. నన్ను అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏ ఏడు సైన్యంలో చేరారు, ఏ పతకం వచ్చింది, వ్యాపారం ఎంత పెరిగింది అంటూ అన్నయ్య ఒక కాగితం రాసిచ్చాడు. అప్పుల సంగతి మాత్రం ఎత్తొద్దన్నాడు. యుద్ధం గురించి అడిగితే అమ్మ "ఆ మాటలు వద్దు" అంటుంది. కుటుంబమే ప్రాణంగా బతికారని అందరూ అంటున్నారు. నిజమే. కానీ చిన్నప్పుడు ఆయన కోపం చూసినా, అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచి కూర్చోవడం చూసినా మాకు వణుకు పుట్టేది. అది దాచి పొగిడితే అబద్ధమనిపిస్తోంది, చెబితే ద్రోహమనిపిస్తోంది. రాత్రి పడుకునే ముందు తలుపులన్నీ రెండేసి సార్లు చూసి, మా గదుల్లోకి తొంగిచూసి వెళ్లేవారు. అదే పదేపదే గుర్తొస్తోంది. ఇంతవరకు ఏడుపు కూడా రాలేదు. ఏం చేయను?

జవాబు: ఆ తలుపుల సంగతితోనే మొదలుపెట్టండి. మీ ఉత్తరంలో మీ నాన్నగారు నాకు కనిపించింది అక్కడే.

సైన్యం, వ్యాపారం, కుటుంబం అని ఆయన జీవితాన్ని మూడు భాగాలు చేసి చెప్పబోతున్నారు కాబట్టే మాట కదలడం లేదేమో. ఆయన ముగ్గురు మనుషులుగా బతకలేదు కదా. రాత్రి తలుపులు చూసుకుంటూ తిరిగిన మనిషిలో కాపలా కాసిన సైనికుడు ఎంత, ఒకసారి అంతా పోగొట్టుకున్న వ్యాపారి ఎంత, నిద్రపోతున్న పిల్లల తండ్రి ఎంత అని ఎవరు తేల్చగలరు? తేల్చాల్సిన పనీ లేదు. "అది సైన్యం నేర్పిన క్రమశిక్షణ" అని మీరే అర్థం చెప్పేయకండి. చూసింది చూసినట్టు చెప్పి వదిలేయండి. పాత మిత్రులకు అందులో ఒకటి తోస్తుంది, మీ అమ్మగారికి ఇంకొకటి తోస్తుంది.

ఇక మిమ్మల్ని లోపల తొలిచేస్తున్న విషయం. సభలో చెప్పకుండా ఉన్నదల్లా దాచినట్టు కాదు. "మా నాన్న ఏనాడూ గొంతు పెంచి ఎరగరు" అంటే అది అబద్ధం, ఆ మాట అనొద్దు. కోపం ఊసే ఎత్తకపోతే మాత్రం మీరు ఎవరినీ మోసం చేయలేదు. ఒక్క మాటైనా అనకపోతే మనసు ఒప్పుకోదనుకుంటే ఇలా అనండి: "చిన్నప్పుడు నాన్నంటే మాకు భయం ఉండేది. ఆయన లోపల ఏం మోస్తున్నారో పెద్దయ్యేదాకా మాకు తెలియలేదు." ఇందులో నిందా లేదు, పొగడ్తా లేదు. సభలో అంతకు మించి వద్దు. మిగతాది మీరు, మీ అన్నయ్య ఎప్పుడైనా తీరిగ్గా కూర్చుని చెప్పుకోవాల్సింది.

యుద్ధం చూసి వచ్చినవాళ్లలో కొందరికి పీడకలలు, చిన్న చప్పుడుకే ఉలికిపాటు, ఉన్నట్టుండి ముంచుకొచ్చే కోపం ఏళ్ల తరబడి ఉంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో దాన్ని 'షెల్ షాక్' అన్నారు. పిరికితనమని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మనం పీటీఎస్‌డీ (భయంకరమైన అనుభవం తర్వాత మనసును వదలని ఒత్తిడి) అంటున్న పేరు అమెరికా మానసిక వైద్యుల సంఘం వ్యాధుల జాబితాలోకి 1980లో గానీ ఎక్కలేదు. అంటే ఎంతోమంది తమకు ఏమవుతోందో చెప్పుకోవడానికి ఒక మాట కూడా లేకుండా సంసారాలు చేశారు, పిల్లల్ని పెంచారు. మీ నాన్నగారిది అదేనని నేను అనను. నేను చూడని మనిషికి, అందులోనూ వెళ్లిపోయిన మనిషికి, జబ్బు పేరు పెట్టకూడదు. మీరూ పెట్టకండి. కానీ ఆ కోపం మీరేదో తప్పు చేసినందువల్ల వచ్చింది కాదని మాత్రం ఇప్పటికైనా నమ్మండి. ఆయన బాధకు కారణాలు ఉండొచ్చు. అంతమాత్రాన ఆ వయసులో మీరు పడ్డ భయం చిన్నదైపోదు. తండ్రిని ప్రేమిస్తూనే ఆ భయాన్నీ గుర్తుపెట్టుకోవచ్చు.

మీ అమ్మగారు "ఆ మాటలు వద్దు" అన్నారంటే దయచేసి ఆగిపోండి. ఆ రాత్రుళ్లు ఆయన పక్కన మేలుకున్నది ఆవిడ. సభకు ముందు ఏదో ఒకటి రాబట్టాలని ఆవిడను ఒత్తిడి చేయొద్దు. మీరు చెప్పబోయేది ముందుగా ఆవిడకు చదివి వినిపించండి. ఏ వాక్యం తీసేయమంటే అది తీసేయండి, కారణం అడగొద్దు. సైన్యం రోజుల గురించి మీకు తెలుసుకోవాలని ఉంటే వేరే దారులున్నాయి. డిశ్చార్జి కాగితాల్లో, పింఛను కాగితాల్లో ఏ దళంలో, ఎప్పటినుంచి ఎప్పటిదాకా చేశారో ఉంటుంది. ఆయనతో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఫోన్ చేయండి. "యుద్ధంలో ఏం జరిగింది?" అని మాత్రం అడగొద్దు. "అక్కడ మా నాన్న ఎలా ఉండేవారు?" అని అడగండి. మొదటి ప్రశ్నకు చాలామంది నోరు మూసుకుంటారు. రెండోదానికి ఇంటికి రాసిన ఉత్తరాలు, కాపలా రాత్రుల కబుర్లు, ఎవరినో ఆటపట్టించిన సంగతులు బయటికొస్తాయి. వాళ్లకీ వయసు మీదపడి ఉంటుంది, ఈ పని వాయిదా వేయకండి. ఒప్పుకుంటే ఆ మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోండి.

అన్నయ్య రాసిన కాగితం చూసి మీకు ఒళ్లు మండినట్టుంది. నాకైతే అందులో ఆయన దుఃఖమే కనిపించింది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే పరిశోధకులు 1999లో ఒక మాట చెప్పారు. అయినవాళ్లు పోయినప్పుడు మనిషి కాసేపు ఆ లోటులో మునుగుతాడు, కాసేపు కాగితాలు, లెక్కలు, ఏర్పాట్లు అంటూ పనుల్లో పడతాడు, ఈ రెంటి మధ్యా అటూ ఇటూ తిరుగుతూనే కోలుకుంటాడు అని. మీ అన్నయ్య ఇప్పుడు ఎక్కువగా పనుల వైపు ఉన్నారు. ఆ కాగితాన్ని సభలో చదవకండి, పక్కనా పారేయకండి. చక్కగా అచ్చు వేయించి వచ్చినవాళ్లకు ఇవ్వమని ఆయనకే అప్పగించండి. తారీఖులు, పతకాలు కాగితం మీద బాగుంటాయి. మీ గొంతులో వినాల్సింది మనిషి గురించి.

అప్పుల విషయంలో మాత్రం నేను మీ అన్నయ్య మాట ఒప్పుకోను. నాన్నగారి పరువు పోతుందని ఆయన భయపడుతున్నారు. అప్పు చేసి తీర్చిన మనిషికి పోయే పరువేముంది? రెండో వ్యాపారం విలువ తెలిసేదే మొదటిది కూలిపోయిందని తెలిస్తే. మీ ఇంట్లో పిల్లల కోసమైనా ఇది చెప్పాలి. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ పిల్లలకు తమ కుటుంబ చరిత్ర ఎంత తెలుసో చూడటానికి 20 ప్రశ్నలు తయారుచేశారు. పెద్దల సంగతులు ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకు నమ్మకం ఎక్కువగా కనిపించింది. కథలు తెలియడమొక్కటే దానికి కారణం అని చెప్పలేం, పెద్దవాళ్లు పిల్లలతో కూర్చుని మాట్లాడే ఇల్లు కావడం వల్ల కూడా కావచ్చు. అయినా డ్యూక్ చెప్పినదాంట్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. అన్నీ విజయాలే ఉన్న కథ కన్నా, పడి లేచిన కథే పిల్లలకు ఎక్కువ బలమిస్తుందన్నారు. కాబట్టి ఎంత అప్పు, ఎవరి దగ్గర అన్నది వదిలేసి, "మొదటి వ్యాపారం పోయింది. అప్పు అణాపైసలతో సహా తీర్చారు" అనండి, చాలు. అప్పిచ్చినవాళ్లలో ఎవరైనా సభలో ఉన్నా తల ఊపుతారే తప్ప తప్పుపట్టరు. ఈ రెండు వాక్యాలు అన్నయ్యకు సభకు ముందే చెప్పండి. వేదిక మీద ఆయనకు ఆశ్చర్యం కలిగించొద్దు.

అయిదు నిమిషాలంటే ఒకటిన్నర పేజీ. తలుపులు, అప్పు తీర్చిన తీరు, ఆయన తరచూ అనే ఒక మాట ఏదైనా ఉంటే అది. అంతే సరిపోతుంది. చూసి చదవడం తప్పు కాదు. మధ్యలో గొంతు పట్టేస్తే కాగితం అందుకుని చదవడానికి ఒకరిని ముందే అనుకుని ఉంచండి.

ఏడుపు రాలేదని కంగారుపడకండి. కొందరికి వెంటనే వస్తుంది, కొందరికి నెలల తర్వాత ఏ సంబంధమూ లేని రోజున వస్తుంది, కొందరికి రానేరాదు. మీరు కఠినులు అని దానికి అర్థం కాదు, ఆయన మీద ప్రేమ లేదనీ కాదు. అయితే నెలలు గడుస్తున్నా రోజూ ఆ ఆలోచనే పట్టి లాగుతూ, పనీ పిల్లలూ మనుషులూ ఎవరూ పట్టనంతగా ఉంటే దానికి చికిత్స ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలలు దాటితే, అమెరికా మానసిక వైద్యుల సంఘం పెద్దవాళ్ల విషయంలో ఏడాది దాటితే దాన్ని వదలని దుఃఖంగా చూస్తాయి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఈ గడువులేవీ చూడకుండా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఈ మాట మీ అమ్మగారి విషయంలోనూ గుర్తుంచుకోండి. సభ హడావిడి అయ్యాక, అందరూ ఎవరి ఇళ్లకు వాళ్లు వెళ్లాక, ఆవిడ సరిగ్గా తింటున్నారా, నిద్రపోతున్నారా అన్నది మీరూ అన్నయ్యా వంతులు వేసుకుని చూసుకోండి.