ఊటీకి పది రోజుల ముందే వంటింట్లో మొదలుపెట్టు

చిట్టీ,

మే నెలలో పిల్లల్ని ఊటీ తీసుకెళ్తున్నామని, ప్లాస్టిక్ చెత్త లేకుండా ఎలా వెళ్లి రావాలో చెప్పమని అడిగావు. నువ్వు అడిగింది ఊటీ గురించి, నాకేమో ముందు మీ వేళచ్చేరి వంటిల్లే గుర్తొస్తోంది. నలభై ఏళ్లుగా ఈ మద్రాసు నుంచి పిల్లాజెల్లాతో ప్రయాణాలు చేస్తున్నాను కదా, చెత్తంతా పుట్టేది బయల్దేరే రోజు హడావిడిలోనే. వండే టైము లేక పార్శిల్ తెప్పిస్తాం, సీసాలు కడిగే ఓపిక లేక స్టేషన్లో నీళ్ల బాటిళ్లు కొంటాం, ఫ్రిజ్‌లో మిగిలినవి ఏం చేయాలో తోచక కవర్లో చుట్టి పారేస్తాం.

అందుకని ఫ్రిజ్ దగ్గర మొదలుపెట్టు. ఇంకో పది రోజులుందనగా కోయంబేడు మార్కెట్ నుంచి సంచుల కొద్దీ కూరగాయలు తేవడం ఆపేసి, ఏ పూటకాపూట వీధి చివర పావుకిలో అరకిలో కొనుక్కో. ఉన్న టమాటాలు పచ్చడి చేసెయ్, కరివేపాకు నీడన ఆరబెట్టి పొడి కొట్టు. పెరుగు పులిసిపోతుంటే మిరపకాయలు చీరి ఉప్పు వేసి ఆ మజ్జిగలో నానబెట్టు. పగలు మేడమీద ఎండ, రాత్రి మళ్లీ మజ్జిగ. మద్రాసు మే ఎండను తిట్టుకోవడమే గానీ మజ్జిగ మిరపకాయలకు అంతకంటే మంచి ఎండ ఎక్కడుంది? అడుగున మిగిలిన దోసెల పిండి ఆఖరి సాయంత్రం పునుగులకు. పాలు, పేపరు రెండు రోజుల ముందే ఆపమను.

ఒకసారి మేం నెల్లూరు పెళ్లికని వారం రోజులు వెళ్లాం, నిండు ఫ్రిజ్‌ని అలాగే వదిలేసి. మధ్యలో కరెంటు ట్రిప్పయింది. తిరిగొచ్చి తలుపు తీసేసరికి మీ పెదనాన్న ముక్కు మూసుకుని వీధిలోకి పరుగు! అప్పటినుంచి నాలుగు రోజులు దాటితే చాలు, ఫ్రిజ్ ఖాళీ చేసి, తుడిచి, స్విచ్ తీసి, తలుపు మూసుకోకుండా ఒక గుడ్డ మడిచి పెట్టి వెళ్తాను. కరెంటూ మిగులుతుంది. ఫ్రిజ్ వెనక నీళ్లు చేరే ట్రే ఉంటుంది చూడు, అది కూడా పారబొయ్యి. డెంగీ దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చే దాకా వారం పది రోజులు చాలు, దానికి కాస్త నిలవ నీళ్లుంటే పండగే. టీవీ సెట్‌టాప్ బాక్సు, వైఫై, గీజరు గోడ దగ్గరే ఆపెయ్. గ్యాస్ రెగ్యులేటర్ సంగతి నీకు చెప్పక్కర్లేదు.

మొక్కల కోసం కుండీ కింద పళ్లెంలో నీళ్లు నింపి వెళ్తారు కొందరు, దోమలకు అది తొట్టి కట్టించినట్టే. పాత సీసా మూతకు చిల్లుపెట్టి, లావుపాటి నూలుతాడు ఒక కొస నీళ్లలోకి, రెండో కొస మట్టిలోకి దూర్చు. తాడు మెల్లగా నీళ్లు పీలుస్తుంది, మూత ఉంటుంది కాబట్టి దోమ దూరదు. రెండు రోజుల ముందే ఒక కుండీలో పెట్టి చూసుకో. అన్ని కుండీలూ బాల్కనీ ఎండలోంచి నీడలోకి జరపమని మన అల్లుడికి చెప్పు, ఆ ఒక్క పనైనా చేస్తాడు.

2019 వేసవిలో లారీ నీళ్ల కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డ రోజులు మరిచిపోలేదుగా? ఎక్కడైనా కొళాయి కారుతుంటే వెళ్లేలోపు బాగు చేయించు.

ఇక ప్రయాణం. కారులోనే వెళ్తామని మొండికెయ్యకు. 2024 మే 7 నుంచి ఊటీకి కారులో వెళ్లాలంటే ఈ-పాస్ తీసుకోవాలి, ఆ కొండదారిలో బళ్ల రద్దీ అంతలా పెరిగింది. రాత్రి సెంట్రల్‌లో నీలగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే మేట్టుపాళయంలో దిగుతారు. అక్కణ్ణుంచి కొండెక్కే చిన్న రైలు, 46 కిలోమీటర్లకు దాదాపు అయిదు గంటలు. పిల్లలకు ఊటీ కంటే అదే గుర్తుంటుంది. రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు, ఆ పొద్దున ఎనిమిదింటికే కూర్చో. చిన్న రైల్లో దొరక్కపోతే ప్రభుత్వ బస్సు ఉంది, నష్టమేం లేదు.

రాత్రికి పొడి, నువ్వులనూనె పూసిన ఇడ్లీలు. పెరుగన్నం చేస్తే పాలు ఎక్కువ పోసి పెరుగు ఒక్క చెంచాడే వెయ్, పులవదు. కొబ్బరి చట్నీ జోలికి పోకు, ఈ ఎండకు రైలెక్కేలోపే పోతుంది. అరిటాకు పొయ్యి సెగమీద వాడ్చి చుడితే చిరగదు. తిన్నాక ఆకే కదా అని కిటికీలోంచి విసరొద్దు, ఆ బుద్ధి మన వాళ్లకు ఎప్పుడు పోతుందో! చిప్స్ ప్యాకెట్ల బదులు స్టీలు డబ్బాలో జంతికలు. అదే డబ్బాలో వచ్చేటప్పుడు వర్కీలు, అదే ఊటీ కరకర బిస్కెట్లు, పోయించుకుని రా.

నీలగిరి జిల్లాలో అయిదు లీటర్ల లోపు ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, చెక్‌పోస్టులో చూస్తే తీసేసుకుంటారు. ఎవరి స్టీలు సీసా వాళ్లే మొయ్యాలి, చిన్నదానితో సహా. ఊటీలో నీళ్ల ఏటీఎంలు ఉన్నాయి, అయిదు రూపాయల బిళ్లలు దగ్గరుంచుకో.

అన్నట్టు, స్వెటర్ల కోసం టీనగర్ వెళ్తానన్నావట. వద్దు. మద్రాసులో స్వెటరు ఏడాదికి నాలుగు రోజులు కూడా వేసుకోం, మిగతాదంతా బీరువాలో నాఫ్తలీన్ ఉండల మధ్య కాపురమే, పిల్లలకైతే మరుసటేడు పట్టనే పట్టవు. మా ఇంట్లో పెద్దవి మూడు ఉన్నాయి, పక్కింటావిడ మనవలవి రెండు అడిగి పెట్టాను. ఆదివారం పెరంబూరు వచ్చి పట్టుకెళ్లు. తిరిగిచ్చేటప్పుడు ఒక పూట ఎండలో వేసి తెచ్చివ్వు, చాలు.

మీ పెద్దమ్మ